పళ్ళెం మాయమయ్యే లోతు

పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి
ఇస్కపల్లి గట్ల మీద నా పని ఇదే:
సగం నలుపు సగం తెలుపు పూసిన పళ్ళేన్ని
తాడు కట్టి రొయ్యల గుంటలోకి వదలడం,
అది మాయమైన చోట తాడుని వేలితో నొక్కి పట్టి
గుర్తు చదవడం.
ముప్పై అయిదు సెంటీమీటర్లు. రాసుకుంటా.
నలభై దాటితే ఓనరుకి ఫోన్ చేస్తా.
అరవై అయితే ఆయనే వస్తాడు,
బండికి స్టాండు కూడా సరిగ్గా వెయ్యడు.

తేట నీళ్ళంటే మా లెక్కలో ఆకలి నీళ్ళు.
పెసరకట్టు మాదిరి చిక్కగా ఉంటేనే
లోపల మేత ఉన్నట్టు, ప్రాణం ఉన్నట్టు.
పదకొండేళ్ళుగా నా జీతం
అడుగు కనబడని నీళ్ళది.

ఇప్పుడేమో రాత్రి అన్నాలయ్యాక
చాప మీద నలుగురం, ఒక్క ఫోన్ చుట్టూ తలలు చేర్చి
అడుగు కనబడే సముద్రాన్ని వెతుకుతున్నాం.

సాహితికి తాబేలు కావాలి.
బతికున్నది, ఈదుతున్నది.
ఒడ్డుకి కొట్టుకొచ్చినవి చాలానే చూసింది.
చిన్నోడికి ఏ సముద్రమైనా ఒకటే,
మొహానికి అద్దం, నోట్లో గొట్టం ఉంటే చాలు.
అవి అప్పుడే వచ్చేశాయి, పార్సిల్లో.
బకెట్లో తల ముంచి
"నాన్నా, మగ్గు కనిపిస్తా ఉంది" అని అరుస్తాడు,
గొట్టంలోంచి ఆ మాట
దూడ పిలిచినట్టు బయటికొస్తుంది.

పెన్ను రత్నం చేతిలో. పాల లెక్క పుస్తకం, వెనక అట్ట.
లక్షద్వీప్, పర్మిట్టు కావాలంట. కొట్టేసింది.
మురుడేశ్వర్, రైలు మారాలి, దేవుడైతే ఉండాడు,
మన సెలవలు అయ్యేలోపు వానలొచ్చి పడవలు ఆపేస్తారేమో.
మాల్వన్, మనకి సెలవలప్పుడే ఊరందరికీ సెలవలు.
హేవ్‌లాక్, విమానం. ఇంటూ నాలుగు.
ఇక్కడ పెన్ను చాలాసేపు ఆగింది.
నీల్ దీవి కింద ఒక గీత గీసింది,
ఎందుకో చెప్పలేదు.

"మైపాడు ఉండాది గదా" అన్నా, ఎగతాళికే.
ముగ్గురూ ఒకేసారి తలెత్తారు.
మైపాడులో నడుం లోతు దిగితే
నా మోకాళ్ళు నాకే కనబడవు.
పోయిన కార్తీక పున్నమికి చిన్నోడి చెప్పు అలలో జారితే
రెండు జానల నీళ్ళలో
గంటసేపు తడిమాం, గుడ్డివాళ్ళ లాగా.

మా అత్త పొట్టెమ్మది తుమ్మలపెంట.
నలభై ఏళ్ళు చేపల గంప మోసిన మెడ.
గోడకి ఆనుకుని వక్క కొరుకుతా అంతా వింది.
"చేపల్ని చూసేదానికి డబ్బులు కడతారా ఏంది?"
కడతారు.
"పట్టేదానికి కాదా?"
కాదు.
"ముట్టుకోను గుడా గూడదంట అమ్మమ్మా" అంది సాహితి.
వక్క ఇంకాసేపు నమిలింది.
"మీ తాత ముప్పై ఏళ్ళు దానిమీద తిరిగినోడు.
లోపల ఎట్టుంటదో ఒక్కనాడు చెప్పలా.
నేనూ అడగలా."
మేం మళ్ళీ ఫోన్ వైపు తిరిగాక,
ఎవర్నీ చూడకుండా:
"ఆ అద్దం నా మొగానికి పడతదా?"

రత్నం నాలుగుని కొట్టేసి ఐదు వేసింది.
మొత్తం లెక్క మళ్ళీ మొదటికొచ్చింది.
వచ్చే పంట చేతికొచ్చే దాకా బంగారం తాకట్టు,
అనలేదు ఎవరూ,
గొలుసు మీద ఆమె వేలు మాత్రం
అటూ ఇటూ తిరిగింది.

పదకొండు దాటాక సాహితి అడిగింది:
"నాన్నా, నీ పళ్ళెం ఆడ వేస్తే
ఎంత లోతుకి మాయమవుద్ది?"
తెలీదమ్మా.
నా తాడు మీటరే.
ఆపైన గుర్తులు పెట్టే అవసరం
ఎన్నడూ రాలేదు.

పిల్ల లేచి పెరట్లోకి పోయింది.
దండెం విప్పుతా ఉంది.
దానిమీద నా యూనిఫారం
ఇంకా ఆరలేదు.