మూడో ఏడు, మొదటి సోమవారం

రేపటి నుంచి మూడో సంవత్సరం.
కుమార్‌పల్లి గదిలో
ఒక్క ఫ్యాను, ఒక్క కిటికీ,
మంచమంతా పుస్తకాలు.
నేను కింద చాప మీద.

నస్రీన్ అక్క ఇచ్చిపోయిన నోట్సు
సగం పాతబడ్డది.
మూడు వందల రెండు కొట్టేసి
నూట మూడు అని రాస్తున్న, ఎర్ర పెన్నుతో.
నాలుగు వందల ఇరవై కొట్టేసి
మూడు వందల పద్దెనిమిది.
మా వాడకట్టుల మోసగాన్ని ఇంకా
ఫోర్ ట్వంటీ గాడనే అంటరు.
వానికి కొత్త నంబరు ఎవరు చెప్పాలె?
అంకె మారింది.
చచ్చినోడు మారలే,
వాని పెండ్లాం అడిగే ప్రశ్న మారలే.

మొదటేడు ఇట్లాంటి ఆదివారం నాడు
కొత్త చెప్పులు కొన్న.
అందరు లేచి ఇంగ్లీషుల మాట్లాడుతుంటే
ఆ చెప్పుల దిక్కే చూసుకుంట కూసున్న
రెండు నెలలు.
ఈసారి తెగినయే కుట్టించిన, అంతే.
మట్టెవాడల యాకూబ్ భాయ్
మూట్ కోర్టుకు నల్లకోటు చేతులు కురచ చేసిండు.
అదీ నస్రీన్ అక్కదే.
జేబుల పాత బస్సు టికెట్ దొరికింది,
కాజీపేట నుంచి సుబేదారి.
తీసి, మళ్లీ అండ్లనే పెట్టిన.

సారు గ్రూపుల మెసేజ్ పెట్టిండు:
మొదటి క్లాసుకు యాభై పేజీలు చదివి రాండ్రి,
విన్నమాట ఎందుకు సాక్ష్యం కాదో
ఒక్కొక్కరిని లేపి అడుగుత.
చదువుతున్న.
చదువుతుంటే ఇగ ఏదీ ఉత్తగ కనబడదు.
రెండేండ్ల సంది ఈ గదికి కిరాయి కడుతున్న,
ఒక్క రసీదు లేదు.
కాయితం లెక్కన చూస్తే
నేనీడ ఉన్నట్టే లేదు.

పొద్దుగూకంగ ఇంటామె వచ్చింది,
కొమురమ్మ, చేతులకు బియ్యం దుమ్ము.
"నువ్వు చదువుతున్నవ్ గద, ఇది సూడు బిడ్డా" అని
నాలుగు మడతల కాయితం.
మరిది దావా ఏసిండట,
ఈ ఇంట్ల సగం నాదని.
"మా మామ పానం పోయేటప్పుడు చెప్పిండు,
ఇల్లు నీకే అని. అందరు విన్నరు."
అందరంటే ఎవరు?
ఒకామె పోయింది. ఒకాయన భీమండిల ఉన్నడు.
నేను తల ఎత్తలే.
ఒళ్లో పుస్తకం అదే పేజీ దగ్గర తెరిచుంది.

"నేనింక వకీలు కాలే అత్తా."
"అయితవ్ గద."

సమను ఎప్పుడొచ్చింది అంటే
బోనాల ముందు అంటది, తర్వాత అంటది.
కాయితం ఎనకకు తిప్పితే తేదీ ఉన్నది.
ఇరవై రెండు రోజులు.
ఇరవై రెండు రోజులు బియ్యం డబ్బాల
పురుగు పట్టకుంట వేసిన వేపాకుల నడుమ.
జవాబుకు ముప్పై.
ఈ ముప్పై మాకు నాలుగో యూనిట్,
దసరా ముందు చెప్తరు,
పరీక్షల రెండు మార్కులు.

అదే ఎర్ర పెన్నుతో
క్యాలెండరుల సోమవారం చుట్టూ సున్న గీసిన.
రేపటిది కాదు, దాని అవతలిది.
నస్రీన్ అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలే.
అన్నం తినంగ తనే చేసింది:
"పొద్దుగాల తొమ్మిదింటికి కోర్టు గేటు కాడికి తోల్కరా.
ఇంటివి ఏమున్నా అన్నీ తెమ్మను."
క్లాసు పదింటికి.

కొమురమ్మ పోయి బట్టల దుకాణం సంచి తెచ్చింది.
ఇంటి పన్ను చిట్టీలు, నల్లా బిల్లులు,
ముప్పై ఏండ్లవి, ఒక్కటి పారెయ్యలే.
నాకు ఒక్క రసీదియ్యని మనిషి.
నవ్వొచ్చింది. నవ్వలే.
పుస్తకాలు పక్కకు జరిపి
ఏండ్ల ప్రకారం పేర్చుకుంట కూసున్నం ఇద్దరం,
ఫ్యాను బంద్ చేసి, ఎగిరిపోకుంట.

యాభై పేజీలల్ల పదిహేడు అయినయ్.
రేపు సారు లేపితే ఏం చెప్పాలెనో
ఇంక తెల్వది.
తొంభై ఆరు నల్లా బిల్లు ఒక్కటి
దొరుకుతలేదు.