నెలాఖరు

గందె వీరేశం గోదాముల
గిన్నెల సబ్బు పెట్టెలు ఎనిమిది వందలు.
ముప్పై ఒకటి రాత్రి పదకొండింటికి దింపినం,
నాలుగో తారీఖు మళ్ల ఎక్కిస్తం.
హమాలి సారయ్యకు ఎరుకే,
అందుకే లోపల్దాకా మొయ్యడు,
తలుపు కాడనే పేరుస్తడు.

హైదరాబాదుల రెండు కుర్చీలకు పడదు.
సబ్బు పుట్టించినాయనది ఒకటి,
అమ్మించేటాయనది ఒకటి.
మొదటాయన ఫోన్ చేస్తడు:
"పరకాలల ముందు వరుసల కనపడాలె."
రెండో ఆయన చెయ్యడు.
చెయ్యకపోవుడే ఆయన చెప్పుడు.
నడుమ నేను, ములుగు రోడ్డు దుమ్ముల బండి మీద,
ఒక దుకాణంల సబ్బును ముందుకు జరుపుకుంట
ఇంకో దుకాణంల వెనక్కి జరుపుకుంట.

హన్మకొండ హోటల్ల మీటింగు.
ఏసీ సలికి సమోసలు గట్టివడ్డయ్.
తెర మీద వరంగల్ జిల్లా
ఎనుమాముల మార్కెట్ల మిర్చి ఆరవోసినట్టు
ఒకటే ఎరుపు.
"తప్పు ఎవరిది?" అని ఎవరూ అనలే.
"మనం నేర్చుకున్నదేంది?" అన్నరు.
ఎవర్ని పంపిద్దాం అన్నట్టు ఆ మాట.

చేరాలు లేచి నిలబడ్డడు.
"సార్, నురగ రాదు. గిన్నెకు జిడ్డు పోదు.
ఆడోళ్లు బూడిదే నయమంటున్నరు."
పొద్దుగాల కాజీపేట చాయ్ కొట్టు కాడ
గిదే మాట నాకు చెప్పిండు.
"నువ్వు గూడ అనాలె" అన్నడు. సరే అన్న.
ఇప్పుడు నా దిక్కు చూసిండు.
నేను నీళ్ల సీసా మూత తిప్పుకుంట కూసున్న.
అది అప్పటికే తెరిచి ఉన్నది.

వారానికి ఆయనకు ఆసిఫాబాదు.
నాకు ఆయన ఏరియా గూడ కలిపిచ్చిండ్రు,
గాజు బొమ్మ ఒకటి,
అడుగున నా పేరు, ఒక దీర్ఘం తక్కువ.

నిన్న రాత్రి ఫోన్ చేసిండు.
మోగినంత సేపు చూసి ఎత్తిన.
మీటింగు ఊసే లేదు.
"వీరేశం గోదాముల ఉత్తరం గోడకు
పందికొక్కుల బొక్క ఉన్నది.
కంకర పోసి మూపియ్యి,
నిమ్మ వాసనకు ఊకె వస్తయ్" అన్నడు.
అన్నం తిన్నవా అన్నడు.
తిన్న అన్న. పెట్టేసిండు.
తినలే నేను.

తెల్లారి పోయి చూస్తె
అడుగు వరుస పెట్టెలన్నీ కొరికి ఉన్నయ్,
నేలంత పసుపు రాలినట్టు సబ్బు పొడి.
సారయ్య తువ్వాల దులుపుకుంట నవ్విండు:
"ఎట్లనన్న గానీ సారూ,
ఈ నెల గిరాకి అయితె తలిగింది."

ఇరవై రెండు పెట్టెలు. లెక్క రాసిన.
కారణం అన్న గడి కాడ
పెన్ను కొద్దిసేపు ఆగింది.
కంకరకు మనిషిని పంపిన.