రెండేళ్ల కిందటి మంచు

ఏప్రిల్ వచ్చినా దులూత్‌లో దుప్పట్లు కప్పుకునే
పిల్లల సాఫ్ట్‌బాల్ ఆట చూస్తాం.
చెక్కబల్లల మీద తల్లులం, తండ్రులం,
ఫ్లాస్కు మూతల్లో కాఫీ.
మూడో ఇన్నింగ్స్ దాకా ఆ మాట ఎవరూ ఎత్తరు.
ఎత్తాక ఆట ఎవరూ చూడరు.

"మీవాడికి ఎంతిచ్చారు?"
ఎక్కడొచ్చింది అని కాదు, ఎంతిచ్చారు అని.
పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని
ధర చెప్పుకున్నట్టు
గొంతులు దుప్పట్లోకి దించి చెప్పుకుంటాం.
మార్గిట్ కొడుక్కి సీటొచ్చింది, సాయం రాలేదు.
డెల్బర్ట్ కవలలిద్దరికీ వచ్చింది,
ఒక్కరికి సరిపోయే డబ్బు.
నవ్వుతూనే చెప్పాడు.
ఆ నవ్వుని ఎవరం అందుకోలేదు.
పళ్ల డాక్టరు భార్య ఏమీ అడగదు,
బిస్కెట్ల డబ్బా మాత్రం అందరి ముందూ తిప్పుతుంది.
నేను రెండు తీసుకున్నాను.

మా ఐలీకి మూడు ఉత్తరాలు.
ఊళ్లో కాలేజీది ఒకటి, చౌక.
దాన్ని ఒక్కసారి చదివి మడిచేసింది.
దూరపుది ఇంకొకటి, దాని సంగతి వద్దు.
మూడోదాని మీద బంగారు ముద్ర,
'అభినందనలు' నా బొటనవేలంత.
అడుగున చీమలంత అక్షరాల్లో అప్పు.
అప్పుని కూడా బహుమతిలో కలిపి కూడారు,
నా చెయ్యే తీసి నా నెత్తిన పెట్టి
దీవించినట్టు.

పక్కన ఒక గడి: 'కుటుంబం భరించగలిగినది.'
ఐనో కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.
అంకె మారలేదు.

మా ఆయన రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు.
వాళ్లు చూసింది రెండేళ్ల కిందటి సంపాదన.
రెండేళ్ల కిందట ఏముంది?
మంచు.
కిటికీలు పూడిపోయి, తపాలా పెట్టెల్ని
పారలతో తవ్వుకున్న ఏడు అది.
పదహారేసి గంటలు బండిలోనే,
హీటరు మీద రొట్టె వెచ్చబెట్టుకుని.
మా వీధిలోకి వచ్చినప్పుడు
లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించేవాడు.
ఐలీకి అదే గుడ్ నైట్.
ఆ ఓవర్‌టైమ్‌తో బాయిలర్ బాగుచేయించాం,
ఆయన నడుము వైద్యం బాకీ సగం తీర్చాం.

ఆ మంచంతా మే నెలకే కరిగి
సరస్సులో కలిసిపోయింది.
కాగితం మీద మాత్రం కరగలేదు.
లైటు ఆరి వెలిగిన రాత్రులన్నీ కూడి, హెచ్చవేసి,
మమ్మల్ని కలిగినవాళ్లని తేల్చారు.

మళ్లీ చూడమని రాయొచ్చట, మార్గిట్ చెప్పింది.
ఐనో ఉత్తరాలు రాసే మనిషి కాదు.
పెన్సిలు చెక్కడానికే అరగంట.
"అయ్యా, ఏటా అంత మంచు పడదు"
అని రాసి ఆగిపోయాడు.
నడుము గురించి రాయమన్నాను.
అది వాళ్లకెందుకు అన్నాడు.
మెట్ల మీద ఐలీ గ్లవ్ తోలుకి నూనె రాస్తోంది,
రాసిన చోటే మళ్లీ రాస్తోంది.
చాలాసేపటికి ఇంకో రెండు వాక్యాలు పడ్డాయి.
"పడితే తోస్తాను.
పడకపోతే జీతమే."
కింద సంతకం,
పన్ను కాగితాల మీద చేసేటప్పటిలాగే, పూర్తి పేరుతో.

పోస్టు చేసిన రాత్రి గాలి తిరిగింది.
మూడున్నరకి ఫోను.
ఏప్రిల్ పంతొమ్మిదిన ఏడంగుళాలు!
గంటకి ఒకటిన్నర కూలి.
బూటు తాడు సగం కట్టి ఆయన నా వైపు చూశాడు.
గోడ అవతల చిన్నవాడు ఆర్వో, పదో తరగతి,
దగ్గుతూ నిద్రపోతున్నాడు.
వాడి కాగితాల మీదికి వచ్చేది ఈ ఏడే.
ఇద్దరికీ తెలుసు, ఎవరం అనలేదు.
"కొండ రోడ్డు మీద బేకరీ వాళ్లు ఎక్కలేరు"
అని రెండో తాడు కట్టుకున్నాడు.

కాసేపటికి కర్టెన్ మీద వెలుగు
ఆరింది, వెలిగింది.
ఆరింది, వెలిగింది.
పైన ఐలీ మంచం కిర్రుమంది.

ఆ వెలుగు గంటకి ఎంత చేస్తుందో నాకు తెలుసు.
లెక్క వేయకుండా
నిద్రపోవాలని చూశాను.