రెండో అంకె

ఆ డబ్బా మూత తియ్యకు, ఆగు.
ముందు బోనెట్ ఎత్తి కాసేపు ఊపిరి పీల్చుకోనీ దాన్ని.
బెంజి సర్కిల్ కాడ ఎంతసేపు నిలబెట్టావు?
ఏసీ వేసుకుని, అరగంటా?
నీకు చల్లగానే ఉండి ఉంటుంది.

ఇది ఆటోనగర్ బాబూ.
రోహిణి కార్తెలో ఇక్కడ
పానాని ఉత్త చేత్తో పట్టుకోలేం,
పొయ్యి మీది గిన్నెని దించినట్టు
గుడ్డ పెట్టి పట్టుకుంటాం.

ఏదీ, ఏం తెచ్చావు?
సున్నా డబ్ల్యూ ఇరవై.
ఆఫర్లో వచ్చిందా. వస్తుంది మరి.
ఆ డబ్ల్యూ ఏంటో తెలుసా, చలికాలం.
మంచు పడే ఊళ్ల కోసం పెట్టిన అక్షరం.
మన బెజవాడ చలికాలమంటే
సత్యనారాయణపురంలో ఎవరో ముసలాయన
మఫ్లరు చుట్టుకున్న నాలుగు రోజులు.
మొదటి అంకెకి ఆ నాలుగు రోజులు రాసిచ్చెయ్.
మిగతా ఏడాదంతా రెండో అంకెదే.

మీ మామయ్య యాభై పొయ్యమన్నాడా?
చిక్కగా ఉంటే బలమనుకోవడం
పాలవాడి దగ్గర సరే.
నీ ఇంజిన్లో సందులు వెంట్రుకంత.
పొద్దున తాళం తిప్పగానే నూనె పైకెక్కాలి,
ఎక్కేదాకా ఇనుము ఇనుముని కొరుక్కుతింటుంది.

మా అమ్మ గవర్నర్‌పేటలో
మిఠాయి కొట్టుకి పాకం పట్టేది.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఓ చుక్క వేసుకుని
మెల్లగా విడదీసేది.
తెగిందా, లేత.
సాగనని మొండికేసిందా, ముదిరింది,
ఆ రోజు ఇంట్లో అందరికీ తిట్లు.
ఒక్క తీగ, సన్నంగా, తెగకుండా రావాలి.
మంట పెరిగినా తెగని తీగ.
సింథటిక్ అంటే నాకు తెలిసింది అంతే,
నా వేళ్లకి తెలిసిందీ అంతే.

ఈ బేరింగు ముక్క చూశావా,
బిల్లులు ఎగిరిపోకుండా పెట్టింది?
గీతలు చూడు, పిల్లి రక్కినట్టు.
ఐసు మోజెస్ వ్యానుది.
ఆ రోజు నలభై అయిపోయింది,
షట్టరేసే వేళ, ఇరవై పోశాను.
బందరుకి ఒక్క ట్రిప్పే కదా అనుకున్నాను.
ఉయ్యూరు దాటాక నిలబడిపోయింది.
నేను బైకు మీద వెళ్లేసరికి
వెనకాల ఐసంతా కరిగి
రోడ్డు పక్క కాలువ కట్టింది.
ఓ కుక్క తాగుతోంది.
ఐసు కరిగింది, ఇంజిన్ బిగుసుకుంది.
మోజెస్ ఒక్క మాటనలేదు.
మిగిలిన గడ్డ ఒకటి నా చేతిలో పెట్టి
"పట్టుకో, వణుకుతున్నావు" అన్నాడు.
నలభై ఆరు డిగ్రీల ఎండలో.

సరే. బండి పుస్తకం తియ్యి.
అరలోనే ఉంటుంది, కవరు కూడా చింపలేదు చూడు.
ఇదిగో, బయటి వేడికి ఏ నూనో పట్టీ.
ముప్పైకి ఒప్పుకున్నాడు, నలభైకీ ఒప్పుకున్నాడు.
ఇరవై ఊసే లేదు.
ఐదు డబ్ల్యూ నలభై పోద్దాం, మూడున్నర లీటర్లు,
ఫిల్టరు కొత్తది.
ఆ డబ్బా పారెయ్యకు,
మీ గేటు కీళ్లు కిర్రుమంటుంటే చుక్క వెయ్యి.

కూర్చో, ఇంకా చల్లారలేదు.
నిమ్మసోడా చెప్తాను.
ఐసా?
మోజెస్ దగ్గర్నుంచే.