మిగులు గాలి

ఎల్విరీనా ఎప్పుడూ నీళ్ళలోకి దిగలేదు.
చిన్నప్పుడు చీము పట్టి కర్ణభేరికి చిల్లు పడిందట.
"ఈ చెవిలోకి సముద్రం దూరితే ఇక బయటికి పోదు" అంటుంది,
నవ్వకుండా.

డైవ్ షాపు వెనక రేకుల షెడ్డు ఆమెది.
పొద్దున్నే ఆరింటికి కంప్రెసర్ మొదలెడుతుంది.
గాలి పీల్చే గొట్టం కప్పు మీంచి కొంగ మెడలా పైకి లేచి ఉంటుంది.
పక్కింటి నికాసియో చెత్త తగలబెడితే
తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చి మెషీన్ ఆపేస్తుంది.
"ఆ పొగ రేపు ఎవరి ఛాతీలోనో ఈదుతుంది!"

అంటే, పద్దెనిమిది మీటర్ల అడుగున
పుర్రె లాంటి పగడం పక్కన మోకాళ్ళు ముడుచుకుని
నేను పీల్చింది ఈ వీధినే.
నిన్నటి మధ్యాహ్నాన్ని. ఒక గాడిద ఓండ్రింపుని,
మేకకూర వాసన వడగట్టేసిన
మేకకూర పూటని.

నింపిన సిలిండర్ని వేలి కణుపుతో కొట్టి వింటుంది,
పుచ్చకాయ బేరం చేస్తున్నట్టు.

బొనైర్ రోడ్డు మీద పికప్‌లో నువ్వూ నేనూ
వెనక ఎనిమిది సిలిండర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.
దిగాల్సిన చోట్లకి గుర్తు పసుపు రాళ్ళు.
కారు అద్దాలు దించే ఉంచమన్నారు షాపులో,
దొంగ వస్తే చూసుకుని పోతాడు, పగలగొట్టడు.
దక్షిణాన ఉప్పు మళ్ళు గులాబీ రంగులో.
వాటి పక్కన, నడుం వంచితే తప్ప దూరలేని రాతి గుడిసెలు,
ఉప్పు మోసిన బానిసలవి.
ఆ గుమ్మంలో కూచుని బూట్లు విప్పబోయి ఆగావు.
లేచి, ఎండలోకి వచ్చి విప్పుకున్నావు.

మూడోరోజు నీలం ఉన్నట్టుండి కాళ్ళ కింద నేల లాగేసింది.
గోడ అంచు.
కింద ఏమీ లేదు.
ఏమీ లేకపోవడానికి అంత లోతు ఉంటుందని తెలీదు నాకు.
చిలకచేప ఒకటి పగడం కొరుకుతోంది,
అటుకులు నమిలినట్టు కరకరమని,
ఆ చప్పుడూ, నా ఊపిరీ, అంతే ప్రపంచం.
నువ్వు వచ్చి నా బరువుల బెల్టు పట్టుకున్నావు.
చెయ్యి కాదు. బెల్టు.
రైల్లో సామాను పట్టుకున్నట్టు.

పైకొచ్చాక "తాబేల్ని చూశావా?" అన్నాను.
"చూశా" అన్నావు.
తాబేలు లేదు.

సాయంత్రం సిలిండర్లు దించుతుంటే
ఎల్విరీనా ఒక్కోదానికీ గేజి తగిలించి చదివింది.
"నూట పది. నిదానపు మనిషి."
తర్వాతది నాది.
"ఇరవై."
నా వైపు చూడలేదు.
"ఇరవై అంటే భయపడైనా ఉండాలి, ఏడ్చైనా ఉండాలి.
నీళ్ళలో ఏడవడం కుదరదనుకుంటారు.
కుదురుతుంది. గాలి లెక్క తప్పుతుంది, అంతే."
తొట్టి దగ్గర రెగ్యులేటర్లు కడుగుతున్న నువ్వు
కుళాయి ఇంకాస్త తిప్పావు.

చివరిరోజు నీళ్ళు నిషేధం.
ఒంట్లో కలిసిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి,
తొందరపడి విమానం ఎక్కితే
మూత తీసిన సోడాసీసా అయిపోతుందట రక్తం.
అందుకని ఒక పగలంతా ఊరికే కూచోవడం.
నువ్వు ఊళ్ళోకి వెళ్ళావు. నేను షెడ్డులోకి.

తనిఖీకి పోవాల్సిన సిలిండర్లు ఖాళీ చేస్తోందామె.
నలభై ఒకటో నంబరు నా ముందుకి దొర్లించింది.
"నీ ఇరవై ఇందులోనే ఉంది. మళ్ళీ నింపలేదు."
వాల్వు నా మొహం వైపు తిప్పి విప్పింది.
చల్లగా, పొడిగా, ఏ వాసనా లేకుండా
నేను పీల్చకుండా మిగిల్చిన ఊపిర్లు
కనురెప్పలకి తగిలి పోయాయి.
ఎంతోసేపు పట్టలేదు.

"అక్కడ, అడుగున, ఏముంది?" అంది.
వచ్చినరోజు నుంచీ రోజూ అడుగుతోంది,
రోజూ ఒక చేప పేరు చెబుతున్నాను.
"ఏమీ లేదు" అన్నాను.

చెవి నా వైపు తిప్పి విన్నది, మంచి చెవి.
"అందరూ తాబేలంటారు" అంది.
కంప్రెసర్ మొదలెట్టింది.

బయట పికప్‌లో నువ్వు, ఎప్పుడొచ్చావో.
అద్దాలు దించే ఉన్నాయి.