ఎర్రగుడి రాళ్ల కాడ చా

తొలకరి పడిన మూడో పొద్దుకు
ఎర్రగుడి చేలల్లో మనుషులు మొలుస్తారు.
నడుములు వంచి, చూపు నేలకు కుట్టేసుకొని,
రెప్ప వేస్తే రవ్వ జారిపోతుందన్నట్టు.

నేను రాళ్ల కాపలా మనిషిని.
ఎనకొండ మీద అశోకుడు చెక్కించిన మాటలకు
తాళంచెవి నా మొలతాడుకే ఉంది.
ఆ అక్షరాలు నాకు రావు.
ఒక వరస ఇటు నుంచి అటు,
కింది వరస అటు నుంచి ఇటు
మడక తిప్పుకున్న ఎద్దుల మాదిరి పోతాదని మాత్రం
వచ్చినోళ్లకు వేలు పెట్టి చూపిస్తా.

తుగ్గలి నుంచి దస్తగిరమ్మ
ఎక్సెల్ బండికి క్యాను కట్టుకొని వస్తాది.
అల్లం వాసన ముందు, ఆమె వెనక.
గ్లాసు పది రూపాయలు.
రవ్వ దొరికినాక ఇస్తామనేటోళ్లకు అప్పు లేదు.

పోయినేడు చైనా నుంచి ఒక ముసలి సామి వచ్చినాడు.
గుండు, బూడిదరంగు అంగీ,
గుంతకల్లులో రైలు దిగినప్పట్నుంచి
ఆయన మాటలు మోస్తున్న ఒక పిల్లోడు.
రాయికి మొక్కలేదు. రాయి ఎదురుగా కూర్చున్నాడు, అంతే.
గ్లాసు రెండు చేతులా పట్టుకొని ఇదేందని అడిగితే
"చా" అనింది దస్తగిరమ్మ.
"ఛా" అన్నాడు ఆయన.
ఇద్దరూ నవ్వినారు.
కాసేపు పిల్లోడికి పని లేకపోయింది.

అప్పుడు చెప్పినాడు.
మన దక్షిణాది నుంచి పోయిన సన్యాసి ఒకాయన
గోడను చూస్తా తొమ్మిదేండ్లు కూర్చున్నాడంట.
ఒకనాడు కన్ను మూతపడిందంట.
కోపమొచ్చి రెప్పలు కోసి పారేస్తే
అవి పడిన చోట మొలిచిన చెట్టంట ఇది.
"కథ" అన్నాడు మళ్లీ ఆయనే.
"నిజం ఇంకొంచెం చిన్నది."
రాత్రిపూట ధ్యానంలో కునుకు పట్టకుండా
మఠాల వాళ్లు ఈ ఆకు కాచుకున్నారు.
కొండవాలులో నాటుకున్నారు.
తొలి గిన్నె బుద్ధుడి ముందర పెట్టి
మలి గిన్నె తాము తాగినారు.
సారా పోసే ఇండ్లల్లో కూడా
వచ్చినోళ్ల చేతికి ఇది అందించడం నేర్పినారు.
పొద్దు నడినెత్తి దాటితే మెతుకు ముట్టరంట,
ఇది మాత్రం తాగొచ్చంట.

"మా రోజాకు అదీ లేదు సామీ" అనింది దస్తగిరమ్మ.
కొంచెం ఆగి,
"ఐనా రెప్పలెందుకు కోసుకున్నాడు?
కునుకు తీస్తే బుద్ధుడు కొడతాడా?"
ఆ మాట పిల్లోడు చేరవేసినాడో లేదో,
సామి చానాసేపు గ్లాసులోకే చూసినాడు.

ఇదంతా ఈ పొద్దు ఎందుకు గుర్తొచ్చిందంటే
ఆస్పరి నుంచి వచ్చిన మద్దిలేటి.
పగలు చేను, రాత్రి టార్చిలైటు,
పదకొండు దినాలుగా నిద్ర లేదు.
కండ్లు కోసిన కలింగర పండ్లు.
మధ్యాహ్నం కేక పెట్టినాడు, పిడికిలి బిగించి.
గుత్తి సేటు కారు దిగకుండానే
భూతద్దం పెట్టి చూసి, పలుగురాయి అన్నాడు.

దస్తగిరమ్మ గ్లాసు నింపి ఇచ్చింది. దుడ్లు అడగలేదు.
వాడు రెండు చేతులా పట్టుకున్నాడు,
ఎవురూ నేర్పకుండానే.
సగం తాగి, రాతి నీడన ఒరిగి,
అట్లే నిద్రపోయినాడు.
నిద్రను తరిమే ఆకంట!

"లేపొద్దు" అనింది ఆమె, బండి తన్నుతా.
"గ్లాసు రేపు తీసుకుంటా."

చీకటి పడితే గేటుకు తాళం వేయాల. వేయలేదు.
కింద వాడి గురక.
పైన అక్షరాలు
ఇటు పోయి, అటు తిరిగి, ఇటు పోయి.

ఆమె రోజూ పొడి పిప్పి పారబోసే చోట
ఎర్రచీమలు తప్ప ఏమీ రావని తెలుసు.
ఐనా వాన పడినప్పుడల్లా
నేనూ ఒకసారి వంగి చూస్తా.