వాసన లేని సబ్బు

పోశెట్టీ, ఇగో ఈ సబ్బు పట్టు.
వాసన లేనిది. రఫ్హా బజార్ల దొరుకలే,
మందుల దుకాణంల అడిగి తెచ్చిన.

కఫీలు చేతిమీద డేగను మోస్తడు,
మన చేతులకు నెత్తురు.
కుందేలు కడుపు చీరినంక
ముందుగాల పిడికెడు ఇసుక, ఎనుక బూడిద,
ఆఖరుకు లోటెడు నీళ్లు. లోటెడే.
ట్యాంకరు బేస్తారం దాకా రాదు.

వంట చేసిన అంగీతోని పండుకోకు,
అది జీపు అవతలి తాడు మీద ఉండాలె.
పేగులు గాలి పోయే దిక్కు రెండువందల అడుగులు తీస్కపోయి
మోకాలు లోతున పూడ్చు.
బూటు తొడిగేముందు బోర్లిచ్చి కొట్టు,
మొన్న తేలు పడ్డది, బెల్లం రంగుది.

ఇవన్ని నాకు చెప్పినోడు సుడానీ ఇద్రీసు.
నేను నవ్విన.
ఆ వారమే మిగిలిన మేకమాంసం సన్నగ కోసి
ఉప్పు, పసుపు, కారం పట్టిచ్చి
డేరా తాడుకు ఒరుగులు ఎండబెట్టిన.

రాత్రి కుక్క మూలిగినట్టయింది.
మనకాడ కుక్క లేదు.
గుడ్డకు అవతల ఊపిరి,
నా చెవికి జానెడు దూరంల,
తొందరేం లేనట్టు.
తర్వాత తాడు తెగిన సప్పుడు.

తెల్లారి చూస్తే అరచెయ్యంత అడుగులు,
డేరా చుట్టు మూడుసార్లు తిరిగినయి.
కారం బాగ అంటిన ముక్క ఒక్కటి
ఇసుకల ఉమ్మేసి పోయింది తోడేలు.

అప్పటిసంది పండుకునేముందు
చేతులు ముక్కుకు పెట్టి చూసుకుంట.
పక్క డేరాల కఫీలు ఒళ్లంత అత్తరు పూసుకుని గురక పెడ్తడు,
ఆయనకెవ్వరు చెప్పరు.
నువ్వు గూడ చెప్పకు.

పో, మళ్ల కడుగు.
గోర్ల సందుల ఇంకా ఎర్రగుంది.